కోలుకోవడంలో ‘కోలు’ ఏమిటి?

తెలుగు పత్రికలో ఏ పేజీ తిప్పినా ఈ మాట తగులుతుంది. పొద్దున పడిపోయిన స్టాక్ మార్కెట్ సూచీలు మధ్యాహ్నానికి కోలుకుంటాయి. ఆరంభంలోనే మూడు వికెట్లు పారేసుకున్న జట్టు నాలుగో వికెట్ భాగస్వామ్యంతో కోలుకుంటుంది. ఎన్నికల్లో ఓడిన పార్టీకి తగిలేది ఎప్పుడూ ‘కోలుకోలేని దెబ్బే’. బెట్టకు వాడిన పైరు ఒక్క వాన పడితే కోలుకుంటుంది. 2020, 2021 సంవత్సరాల్లో రోజూ వచ్చిన కరోనా బులెటిన్లలోనైతే ఈ క్రియ ఏకంగా పట్టికలో ఒక గడి అయి కూర్చుంది. చికిత్సలో ఉన్నవారు ఒక గడి, మరణించినవారు ఒక గడి, కోలుకున్నవారు మరో గడి. ఆ మూడో గడిలోకి చేరిన మనిషి లెక్క అంతటితో తేలిపోయినట్టే. మర్నాడు అతను ఎలా ఉన్నాడని ఏ పట్టికా అడగదు.

ఈ వాడుకలన్నిటి వెనకా ఒకే ఊహ ఉంది. మధ్యలో ఏదో వచ్చింది, పోయింది, మనం మళ్ళీ ఎప్పటిలా ఉన్నాం. జ్వరానికి ఈ ఊహ చాలు. విరిగిన మణికట్టుకూ చాలు. వెన్నుపాముకు దెబ్బ తగిలినప్పుడు మాత్రం చాలదు.

పెద్దవాళ్ళలో వెన్నుపాము పొడవు దాదాపు 45 సెంటీమీటర్లు, లావు ఇంచుమించు చిటికెన వేలంత. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరి ఒళ్ళంతా పరుచుకుంటాయి. మెడ దగ్గర దెబ్బ తగిలితే చేతులూ కాళ్ళూ పట్టు తప్పుతాయి, వీపు మధ్యలోనో నడుము దగ్గరో తగిలితే కాళ్ళు. ఎక్కడ తగిలినా మూత్రం, మలం, లైంగిక జీవితం తరచూ దెబ్బతింటాయి. గాయం పైభాగాన ఉంటే రక్తపోటు, చెమట కూడా అదుపు తప్పుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇలాంటి గాయంతో బతుకుతున్నవారు ప్రపంచమంతా కోటిన్నర మందికి పైనే. బులెటిన్ పట్టికలో వీళ్ళది ఏ గడి? ఆపరేషన్ అయింది, కుట్లు విప్పారు, ప్రాణం నిలిచింది. కాళ్ళు కదలడం లేదు. ఆస్పత్రి వరండాలో బంధువులు అడిగే ప్రశ్న ఒకటే: “డాక్టరుగారూ, మావాడు మళ్ళీ నడుస్తాడా అండీ?”

కోలుకోవడమంటే నడవడమేనన్న లెక్క ఆ ప్రశ్నలోనే ఉంది. అడిగినవారిని తప్పు పట్టలేం. అయితే ‘కోలుకొను’ అన్న మాటకు ఆ లెక్క పుట్టుకతో వచ్చింది కాదు. విప్పి చూస్తే లోపల ఇంకో సంగతి ఉంది. వెన్నుపాము గాయాల మీద ఈ పదిహేనేళ్ళలో జరిగిన పరిశోధన కూడా చుట్టూ తిరిగి ఆ సంగతి దగ్గరికే వస్తోంది.

మాట విప్పడం మొదలుపెడితే ముందు ఎదురయ్యేది ఒక మోసం. కోల అంటే కర్ర. ఊతకోల, మునికోల, కోలాటం అందులోంచి వచ్చినవే. కాబట్టి కోలుకోవడమంటే మంచం మీంచి లేచి కర్ర పట్టుకోవడమని ఎవరికైనా తోస్తుంది. జబ్బుపడి లేచిన ముసలాయన చేతికర్ర కళ్ళముందు కనబడుతుంది కూడా. బొమ్మ బాగుంది గానీ వ్యుత్పత్తి అది కాదు. తమిళంలో కర్రకు ‘కోల్’, తీసుకోవడానికి ‘కోళ్’. ఒకదానిలో ల, మరొకదానిలో ళ. తెలుగులో ఆ ళకారం లకారంలో కలిసిపోవడంతో రెండు వేర్లు ఒకే మొక్కలా కనిపిస్తున్నాయి. మన ‘కోలు’ కర్ర వైపుది కాదు, తీసుకోవడం వైపుది. ‘కొను’ ధాతువు బిడ్డ.

చెడు నుంచి చేటు వచ్చింది. పడు నుంచి పాటు వచ్చింది. అలాగే కొను నుంచి కోలు. క్రియలోని మొదటి అచ్చు సాగి నామం కావడం ద్రావిడ భాషల్లో పాత పద్ధతి. కొనడమంటే ఇవాళ మనకు అంగట్లో డబ్బిచ్చి తెచ్చుకోవడం. పాత తెలుగులో అది ఇంకా విశాలమైన మాట: గ్రహించడం, అందుకోవడం, చేతిలోకి తీసుకోవడం. ‘కైకొను’, ‘చేకొను’ అన్నవాటిలో చెయ్యి బాహాటంగానే ఉంది. నామరూపమైన ‘కోలు’ ఇప్పుడు ఒంటరిగా తిరగదు, ఇతర మాటల చివర కాపురం ఉంటుంది. వేడుకోలు, వీడుకోలు, ఒప్పుకోలు. పెళ్ళికి తరలివచ్చిన మగపెళ్ళివారికి ఎదురుకోలు. ‘గోలు’గా మారి కొనుగోలు, కలుపుగోలు. ఇచ్చిపుచ్చుకోలు సంగతి తరవాత.

అంటే కోలుకొను అన్న మాటలో కొను రెండుసార్లు ఉంది, ఒకసారి నామంగా, ఒకసారి క్రియగా. తీసుకోవడమనే పనిని తనకోసం తాను చేపట్టడం. పాత తెలుగులో ఈ మాటకు పూనుకోవడం, ఉపక్రమించడం అనే వాడుక కూడా ఉంది. జబ్బు మనిషి తేరుకోవడమనే ఇవాళ్టి అర్థాన్ని దాని పక్కన పెట్టి చూడండి. మళ్ళీ, తిరిగి, పూర్వంలా అనే సూచన ఈ పదంలో ఎక్కడా లేదు. పోయినదే రావాలన్న షరతూ లేదు. పనిలోకి దిగడం ఉంది, అందినది పట్టుకోవడం ఉంది.

ఇంకో విశేషం. మేలుకొనుకు మేలుకొలుపు ఉంది, నెలకొనుకు నెలకొలుపు ఉంది. కోలుకొనుకు అలాంటి ప్రేరణార్థకం వాడుకలో లేదు. ఒక మనిషిని నిద్ర లేపగలం. కోలుకోవడానికి మాత్రం సాయపడగలమే తప్ప అతని తరఫున ఆ పని మనం చేసిపెట్టలేం. ఎంత గొప్ప సర్జన్ అయినా వాక్యంలో కర్త స్థానం రోగికి వదలాల్సిందే.

ఈ మాటకు చుట్టాలు చాలామంది. తేరుకోవడం నీళ్ళ నుంచి వచ్చింది. మడ్డి అడుగుకు దిగి పైన తేట కావడం. కుదుటపడటంలో కుదురు ఉంది. తగ్గడం అసలు మనిషి గురించి చెప్పదు, జబ్బు గురించి చెబుతుంది. సంస్కృతం నుంచి తెచ్చుకున్న స్వస్థత వీటన్నిటికంటే లోతైనది. స్వస్థుడంటే తనలో తాను నిలిచినవాడు. నిలవడమనే ధాతువు అందులో ఉంది గానీ అది కాళ్ళ మీద నిలవడం కాదు. ఆస్పత్రి బోర్డు మీద మాత్రం ఇవేవీ ఉండవు. అక్కడ ఉండేది ‘పునరావాసం’. ఈ మాట వినగానే తీరాంధ్రవాసికి తుపాను రాత్రి జనాన్ని తరలించిన బడి గుర్తొస్తుంది, గోదావరి పక్కవారికి పోలవరం నిర్వాసితుల కాలనీ గుర్తొస్తుంది. మునిగిన ఊరు తేలదు. మనుషులు వేరేచోట కొత్తగా బతుకు మొదలుపెట్టాలి. వెన్ను విరిగినవారి విషయంలో చిత్రమేమిటంటే, వాళ్ళు మళ్ళీ కాపురం పెట్టాల్సింది ఖాళీ చేయని ఇంట్లోనే, తమ ఒంట్లోనే.

వీటన్నిటికీ ఎదుటి పక్షంలో ‘పడు’ ఉంది. గాయపడటం, జబ్బుపడటం, మంచాన పడటం, చచ్చుబడటం. కాళ్ళు పనిచేయకపోతే “కాళ్ళు పడిపోయాయి” అంటాం. వెన్నుపాము గాయాల్లో ఈ క్రియ అక్షరాలా నిజం. ప్రపంచమంతటా వీటికి ముఖ్య కారణాలు రెండు: ఎత్తు నుంచి పడటం, రోడ్డు ప్రమాదం. తాటిచెట్టు మీద మోకు జారి పడిన గీత కార్మికుడు, పరంజా మీంచి జారిన తాపీమేస్త్రీ, బైకు మీంచి ఎగిరిపడిన కుర్రాడు. పడు నుంచి పాటు, కొను నుంచి కోలు. ఈ గాయం చరిత్ర ఆ రెండు నామాల మధ్య నడిచింది.

చాలా కాలం అది పాట్ల చరిత్రే. ఎడ్విన్ స్మిత్ పపైరస్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈజిప్టు వైద్య పత్రం క్రీస్తుపూర్వం 1600 ప్రాంతానిది. అందులో 48 గాయాల వివరాలున్నాయి. మెడ ఎముక పక్కకు జరిగి కాళ్ళూ చేతులూ తెలియకుండా పోయిన మనిషిని వర్ణించి, దీనికి వైద్యం చేయడం లేదని ఆ వైద్యుడు తేల్చేశాడు. మూడువేల అయిదువందల ఏళ్ళ తరవాత మొదటి ప్రపంచ యుద్ధంలో కూడా తీర్పు పెద్దగా మారలేదు. వెన్నుకు తూటా తగిలిన సైనికుల్లో ఎక్కువమంది కొన్ని వారాల్లోనో నెలల్లోనో పోయేవారు. ఆ రోజుల్లో జర్మనీలో ఆస్పత్రి సహాయకుడిగా ఉన్న ఒక కుర్రవాడు, వెన్ను విరిగిన బొగ్గుగని కార్మికుడొకరు వారాల్లోనే చనిపోవడం చూశాడు. ఆ కుర్రవాడే లుడ్విగ్ గుట్‌మన్. యూదుడు కావడంతో నాజీల పాలన నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరాడు. 1944 ఫిబ్రవరిలో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో వెన్నుపాము గాయాల కేంద్రం తెరిచాడు.

ఆయన దగ్గర కొత్త మందు లేదు, కొత్త ఆపరేషన్ లేదు. తెగిన నాడిని ఆయన అతకలేదు. రోగులను చంపుతున్నది నేరుగా వెన్నుపాము కాదని ఆయన పట్టుకున్నాడు. చంపుతున్నవి పడక పుండ్లు, మూత్రంలో చేరే చీము. అందుకని రాత్రీ పగలూ రెండు గంటలకొకసారి రోగిని పక్కకు తిప్పించాడు. మూత్రాశయాన్ని శుభ్రంగా ఖాళీ చేయడం ఒక శాస్త్రంగా చేశాడు. మంచం మీద పడుకోనివ్వకుండా పనిలో, ఆటలో పెట్టాడు. లండన్ ఒలింపిక్స్ ప్రారంభమైన 1948 జులై 29నే ఆస్పత్రి ఆవరణలో 16 మందితో విలువిద్య పోటీ నడిపాడు. నేటి పారాలింపిక్స్‌కు మొలక అదే. ఆ 16 మందిలో నడిచినవారు లేరు, చక్రాల కుర్చీల్లో కూర్చునే బాణాలు వేశారు. కోలుకొను పాత అర్థానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. వాళ్ళు పూనుకున్నారు. పోయిన కాళ్ళ కోసం ఆగలేదు, ప్రాణాన్నీ చేతుల్నీ స్వాధీనం చేసుకున్నారు.

గుట్‌మన్ తరవాత బతకడం మామూలైంది. అప్పుడు తీర్పు మరో మాటలోకి మారింది: ‘పూర్తి’. వెన్నుపాము గాయాలను ‘ఏ’ నుంచి ‘ఈ’ వరకూ అయిదు మెట్లుగా కొలిచే అంతర్జాతీయ పద్ధతి ఒకటుంది. ‘ఏ’ అంటే పూర్తి గాయం. అది తేల్చే పరీక్ష కాళ్ళ దగ్గర ముగియదు. వెన్నుపాము చిట్టచివరి నాడులు చేరే చోట, అంటే మలద్వారం దగ్గర స్పర్శ గానీ బిగింపు గానీ ఏ మాత్రం మిగిలినా గాయం అసంపూర్ణమే. తెలుగులో పూర్తి అంటే సమగ్రమనీ అర్థముంది, అయిపోయిందనీ అర్థముంది. “పూర్తి గాయమండీ” అని డాక్టరు మొదటి అర్థంలో అంటే ఇంటివాళ్ళకు రెండోదే వినబడుతుంది.

సైన్సుకూ చాలాకాలం రెండోదే వినబడింది. ఎదిగిన మనిషి మెదడులో, వెన్నుపాములో తెగిన నాడీతంతువు తిరిగి పెరగదని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో స్పెయిన్ శాస్త్రవేత్త సాంతియాగో రమోన్ ఇ కహాల్ తేల్చాడు. భావితరాల సైన్సు వీలైతే దీన్ని మార్చుగాక అని కూడా ఆయనే అన్నాడు. మార్పు 1981లో మాంట్రియల్‌లో కనబడింది. ఆల్బర్ట్ అగుయో బృందం ఎలుకల్లో కాలి నాడి ముక్కను వంతెనగా పెడితే వెన్నుపాము తంతువులు దాని వెంట పెరిగాయి. పెరిగే శక్తి కణంలో ఉంది, అడ్డు చుట్టుపక్కల ఉందన్నమాట. ఆ అడ్డుల్లో ఒకటైన నోగో అనే ప్రొటీన్‌ను జ్యూరిచ్‌లో మార్టిన్ ష్వాబ్ బృందం బయటపెట్టింది. దాన్ని అణిచే యాంటీబాడీని యూరప్‌లో మెడ గాయాల రోగుల మీద పరీక్షించిన ఫలితాలు 2024 చివర వచ్చాయి. మొత్తం మీద తేడా రుజువు కాలేదు. గాయం అసంపూర్ణంగా ఉన్నవారిలో మాత్రం కొంత ఆశ కనిపించింది. మళ్ళీ ఆ మాటే, అసంపూర్ణం.

అసలు ‘పూర్తి’ అనుకున్నది పూర్తేనా? గాయం పూర్తి అని రాసినవారిలో కూడా కొందరికి మెదడు నుంచి కిందికి సన్నటి దారులు మిగిలే ఉంటాయని మిలాన్ దిమిత్రియెవిచ్ 1980లలోనే చూపించాడు. కాలు కదిలించడానికి చాలనంత సన్నం, అంతే. గాయానికి దిగువన ఉన్న వెన్నుపాము చచ్చిపోయింది కూడా కాదు. పెద్దకాలువకు గండి పడింది గానీ దిగువ చేలలో పిల్లకాలువలు, బోదెలు చెక్కుచెదరలేదు, నీళ్ళు రాక ఎండి ఉన్నాయి. నడక లయను కూర్చే నాడీవలయాలు నడుము ప్రాంతపు వెన్నుపాములోనే ఉన్నాయని పిల్లుల మీద ప్రయోగాలతో బ్రిటన్‌లో గ్రాహం బ్రౌన్ 1911లోనే చెప్పాడు.

ఎండిన ఆ బోదెలకు తడి అందించే ప్రయత్నమే విద్యుత్ ప్రేరణ. అమెరికాలోని లూయివిల్‌లో సుసాన్ హర్కెమా, లాస్ ఏంజెలెస్‌కు చెందిన రెజ్జీ ఎడ్గర్టన్ కలిసి 2011లో ఒక ఫలితం ప్రకటించారు. 2006లో కారు ఢీకొని ఛాతీ దిగువన కదలిక కోల్పోయిన బేస్‌బాల్ ఆటగాడు రాబ్ సమ్మర్స్ వెన్నుపాము పొర మీద ఎలక్ట్రోడ్ల పట్టీ అమర్చారు. కరెంటు ఉన్నప్పుడు అతను తన బరువు తాను మోస్తూ నిలబడ్డాడు. కొన్ని నెలల సాధన తరవాత కరెంటు సాయంతో కాలిని తన ఇష్టప్రకారం కదపగలిగాడు. 2018లో లూయివిల్, మేయో క్లినిక్, స్విట్జర్లాండ్‌లోని లోజాన్ బృందాలు మూడూ కొద్దిమందిని అడుగులు వేయించగలిగాయి. 2023లో లోజాన్‌లో గ్రెగోర్ కుర్టీన్, జోస్లిన్ బ్లాక్ ఇంకో మెట్టెక్కారు. గెర్ట్ యాన్ ఓస్కమ్ అనే డచ్చి మనిషి మెదడులోని ఉద్దేశాన్ని చదివే పరికరాన్నీ వెన్నుపాము మీది ఎలక్ట్రోడ్లనూ తీగ లేకుండా కలిపారు. అనుకుంటే అడుగు పడుతుంది. సాధన సాగాక, పరికరం ఆపేసినా ఊతకర్రలతో కొన్ని అడుగులు వేయగలిగాడు.

ఈ వార్తల నడుమ అంతగా ఎవరూ గమనించని ఫలితం ఒకటుంది. 2022లో అదే లోజాన్ బృందం తొమ్మిది మందిలో నడక మెరుగైన తరవాత వెన్నుపాము చురుకుదనాన్ని కొలిచింది. పెరుగుతుందనుకున్నది తగ్గింది. ఎలుకల్లో వెతికితే కారణం దొరికింది. కోలుకునే దశలో ఒక ప్రత్యేక జాతి నాడీకణాలు పనిని తమ చేతిలోకి తీసుకుంటున్నాయి, మిగతావి తప్పుకుంటున్నాయి. మామూలు నడకకు ఈ కణాలు అవసరమే లేదు. దెబ్బ తిన్నాక నడవడానికి మాత్రం అవి లేకపోతే కుదరదు. అంటే వెన్నుపాములో కూడా పాత స్థితి తిరిగి రావడం లేదు, కొత్తవాళ్ళు పని చేపడుతున్నారు. చేపట్టడం, చేకొనడం.

మిగతా దారులు క్లుప్తంగా. దెబ్బ తగిలిన 24 గంటల్లోపు వెన్నుపాము మీది ఒత్తిడి తొలగిస్తే ఫలితం మెరుగని 2012లో మైకేల్ ఫెలింగ్స్ బృందం మెడ గాయాల్లో చూపింది. అంతకన్నా ముందు, ప్రమాదస్థలంలోనే కోలుకోవడం మొదలవ్వాలి. పడినవాడిని భుజాలూ కాళ్ళూ పట్టి మడిచి ఆటోలో వేస్తే సగం గాయం పూర్తి గాయం కావచ్చు. మెడ కదలకుండా, బల్ల మీద సూటిగా పడుకోబెట్టి 108లో పంపాలి. 1990లో గొప్ప ఆశ రేపిన స్టిరాయిడ్ మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌ను ఇప్పుడు మామూలు వాడుకగా చాలామంది నిపుణులు సిఫారసు చేయడం లేదు. జపాన్‌లో కెయో విశ్వవిద్యాలయం ఐపీఎస్ మూలకణాల నుంచి తయారైన కణాలను నలుగురికి ఎక్కించి 2025 మార్చిలో ఫలితాలు చెప్పింది. ఇద్దరిలో కదలిక మెరుగైంది, తీవ్రమైన హాని కనబడలేదు. పోల్చి చూడటానికి చికిత్స లేని జట్టు లేదు కాబట్టి ఇంకా ఏదీ తేలలేదు. మూలకణాలతో లేపి నడిపిస్తామని ఇవాళే డబ్బు కట్టించుకునేవారికి ఈ ఫలితం సాక్ష్యం కాదు.

ఇక్కడ ఆగి అడగాల్సిన మాట ఒకటుంది. తీసుకోవడమే కోలుకోవడమైతే, వాళ్ళు ఏం తీసుకోవాలనుకుంటున్నారు? 2004లో కిమ్ ఆండర్సన్ ఆ ప్రశ్న నేరుగా వేసింది. ఆమె స్వయంగా మెడ గాయంతో చక్రాల కుర్చీలో ఉన్న శాస్త్రవేత్త. వెన్నుపాము గాయంతో ఉన్న 681 మంది జవాబిచ్చారు. నాలుగు అవయవాలూ చచ్చుబడినవారు అన్నిటికంటే ముందు అడిగింది చేతులు. కాళ్ళు మాత్రమే చచ్చుబడినవారు మొదట కోరింది లైంగిక జీవితం. మూత్రం, మలం మీద అదుపు రెండు జట్ల కోరికల్లోనూ పైవరసల్లో ఉంది. నడక జాబితాలో ఉంది గానీ ఏ జట్టుకీ మొదటిది కాలేదు. చూసేవాళ్ళకు చక్రాల కుర్చీ కనబడుతుంది. కూర్చున్నవాళ్ళకు అన్నం ముద్ద తానే కలుపుకోవడం, పెళ్ళిలో బట్టలు తడుస్తాయేమోనన్న భయం లేకుండా కూర్చోవడం కనబడతాయి. మన ఇళ్ళలో ఈ రెండో సంగతి భార్యాభర్తలు కూడా పైకి అనుకోరు. డాక్టరు దగ్గర నడక గురించే అడుగుతారు.

పరిశోధన మెల్లగా ఈ జాబితా వైపు తిరిగింది. మెడ చర్మం మీద అంటించే ఎలక్ట్రోడ్లతో, కోత లేకుండా చేసిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. 60 మందిలో 72 శాతానికి చేతుల బలం, పనితనం రెండూ మెరుగయ్యాయి. వాళ్ళలో గాయమై 34 ఏళ్ళు గడిచినవారూ ఉన్నారు. మొదటి ఏడాదిలో రానిది ఇక రాదనే పాత నమ్మకానికి అది గట్టి దెబ్బ. ఆ ఏడాది డిసెంబరులో అమెరికా ఆ పరికరానికి అనుమతి ఇచ్చింది. లేచి కూర్చోగానే కళ్ళు తిరిగి పడిపోయేంతగా తగ్గే రక్తపోటును వెన్నుపాము ప్రేరణతో నిలబెట్టవచ్చని 2021లో వచ్చిన పరిశోధన చూపింది. దీనికి తలకిందుల ప్రమాదమూ ఉంది. గాయం ఛాతీ పైభాగాన గానీ మెడలో గానీ ఉన్నవారికి మూత్రాశయం నిండినా, మలం గట్టిపడినా, పుండు రేగినా బీపీ ఒక్కసారిగా ప్రాణాంతకంగా పెరగవచ్చు. తలనొప్పి, మొహం ఎర్రబడటం దాని గుర్తులు. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, మూత్రపు గొట్టం మెలిపడిందేమో చూడాలి. ఈ నాలుగు ముక్కలు ఇంట్లో అందరికీ తెలియడం కూడా చికిత్సే.

ఇంతదాకా ‘కోలుకొను’ను మెచ్చుకుంటూ వచ్చాను. దానికో ప్రమాదం ఉంది. కర్త ఎప్పుడూ రోగే కావడంతో, కోలుకోకపోతే తప్పు కూడా రోగిదే అయిపోతుంది. “మనసు గట్టి చేసుకోవాలి నాయనా”, “పట్టుదల ఉంటే ఏదైనా సాధించొచ్చు” అని చూడవచ్చినవాళ్ళంతా చెప్పి వెళతారు. పరికరం ఖరీదు, ఫిజియోథెరపీకి వెళ్ళడానికి పట్నం దూరం, మెట్లున్న బస్సు, తలుపు ఇరుకైన మరుగుదొడ్డి ఆ వాక్యంలో కనిపించవు.

అందుకే ఇచ్చిపుచ్చుకోలును చివరికి అట్టేపెట్టాను. కోలు అన్నది ఒంటరిగా బతకని మాటని చెప్పుకున్నాం. ఇచ్చేవాడు లేనిదే పుచ్చుకోవడం లేదు. ఆమోదించేవాడు లేనిదే వేడుకోలుకు ఫలం లేదు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యువ డాక్టరు మేరీ వర్గీస్ 1954లో వాహన ప్రమాదంలో కాళ్ళ కదలిక కోల్పోయింది. అక్కడి సర్జన్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. తరవాత పునరావాస వైద్యంలో శిక్షణ పొంది వచ్చింది, 1966లో అక్కడే ఆమె కృషితో పునరావాస సంస్థ మొదలైంది. చిత్తూరు, కడప జిల్లాల నుంచి వేలూరు వెళ్ళే తెలుగువారికి ఆ వార్డులు పరాయివి కావు. ఆమె పట్టుదలను అందరూ చెబుతారు. ఆ కుర్చీ పట్టే ఆపరేషన్ గదిని, కూర్చుని చేసే పనిని నమ్మి అప్పగించిన సంస్థను కూడా చెప్పాలి. ఆమె తీసుకుంది, వాళ్ళు ఇచ్చారు. గీత కార్మికులు చెట్టు మీంచి పడకుండా తెలంగాణ ప్రభుత్వం 2024లో మొదలుపెట్టిన కాటమయ్య రక్షణ కవచం కూడా ఇవ్వడమే. పాటు పడకముందే ఇవ్వడం.

నేటి నిఘంటువుల్లోనూ వాడుకలోనూ కోలుకొను అకర్మక క్రియ. కర్మ ఉండదు, ‘నుంచి’ మాత్రం ఉంటుంది: జబ్బు నుంచి, నష్టం నుంచి. వెన్నుపాము గాయం నుంచి బయటికి వచ్చి తలుపు మూసుకోవడం కుదరదు కాబట్టి ఆ విభక్తి ఇక్కడ అతకదు. దానిలోని కొను సకర్మకమే కదా. వ్యాకరణం ఒప్పుకోకపోయినా ఈ ఒక్క సందర్భంలో దీన్నీ సకర్మకంగా వాడి చూడవచ్చు. చెంచా పట్టే వేళ్ళు కోలుకున్నాడు. రాత్రి నిద్ర కోలుకుంది. ఒంటరిగా బజారు వెళ్ళిరావడం కోలుకున్నారు. అప్పుడు “నడుస్తాడా అండీ?” అన్న ప్రశ్నకు పక్కన ఇంకో మూడు చేరతాయి. ఇప్పటికి ఏమేం కోలుకున్నాడు? ఇంకా ఏం కోలుకోవాలనుకుంటున్నాడు? అందుకు ఎవరేం ఇవ్వాలి? మొదటి రెంటికీ జవాబు రోగి చెబుతాడు. మూడోదానికి జవాబుదారులు ఆస్పత్రి, ప్రభుత్వం, ఊరు, ఇల్లు.